మన ఎముకల్లోని ఖజానా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం సందర్భంగా జరిగిన ఆరోగ్య సదస్సులో, పాథాలజీ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు కార్యదర్శి గారు ఒక షరతు పెట్టారు. "డాక్టరు గారూ, బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పులు మా వాళ్లకు కంఠతా వచ్చు. వాటి మీద వాళ్లే మీకు క్లాసు చెప్పగలరు. ఏదైనా కొత్త సంగతి చెప్పండి" అన్నారు. నేను ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 32 సంవత్సరాలు పాథాలజీ విభాగంలో పనిచేశాను. రోగి ముఖం కంటే రోగి రక్తపు చుక్కను ఎక్కువగా చూసిన ఉద్యోగం నాది. కనుక నాకు తెలిసిన సంగతే చెబుతాను. మన రక్తం ఎక్కడ తయారవుతుంది, దాన్ని తయారుచేసే మూలకణాలు ఎవరి అదుపాజ్ఞల్లో ఉంటాయి, వయసు మీద పడ్డాక ఆ ఏర్పాటు ఏమవుతుంది అన్నది నేటి విషయం. వినడానికి ఇది బడిపాఠంలా ఉన్నా, మన డబ్బూ, మన ఇళ్లలో పిల్లల ప్రాణాలూ దీనితో ముడిపడి ఉన్నాయి. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

రోజువారీ జమాఖర్చు

మన సభలో ట్రెజరీ శాఖలో పనిచేసిన వారు చాలామంది ఉన్నారు. వారికి నచ్చే లెక్కతోనే మొదలుపెడతాను. రక్తంలోని ఎర్ర కణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ప్లేట్‌లెట్ బతికేది వారం, పది రోజులు. సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్ల కణమైతే పుట్టిన కొద్ది రోజుల్లోనే పోతుంది. అంటే ప్రతిరోజూ ఖర్చు ఉంది. ఆ ఖర్చుకు సరిపడా జమ కూడా ఉండాలి. మన శరీరం రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్ర కణాలను కొత్తగా తయారుచేస్తుంది. సెకనుకు 20 లక్షల పైమాటే. దీనికి తోడు ప్లేట్‌లెట్లు రోజుకు 10 వేల కోట్లు. ఈ కార్ఖానాకు ఆదివారం లేదు, పండుగ సెలవు లేదు, పదవీ విరమణ అసలే లేదు.

ఈ పని జరిగే చోటు ఎముకల లోపలి మూలుగ. దీన్నే మజ్జ అంటాం. పసిపిల్లల్లో అన్ని ఎముకల్లోనూ ఎర్ర మజ్జ ఉంటుంది. పెద్దయ్యాక కాళ్లు, చేతుల పొడవాటి ఎముకల్లో చాలాభాగం పసుపుపచ్చ కొవ్వుగా మారిపోతుంది. మన వయసులో రక్తం తయారయ్యేది ముఖ్యంగా వెన్నుపూసల్లో, కటి ఎముకల్లో, రొమ్ము ఎముకలో, పక్కటెముకల్లో, పుర్రెలో.

మన ఆయుర్వేదం సప్త ధాతువుల్లో రక్తాన్నీ, మజ్జనూ విడివిడిగా లెక్కించింది. రక్తవాహ స్రోతస్సులకు మూలం కాలేయం, ప్లీహం అని చరక సంహిత చెబుతుంది. తల్లి కడుపులోని శిశువుకు కొన్ని నెలలపాటు రక్తం నిజంగానే కాలేయంలో తయారవుతుంది. ఆ తర్వాతే మూలకణాలు ఎముకల్లోకి కాపురం మారుస్తాయి. పుట్టాక రక్తం మజ్జలో తయారవుతుందని 1868లో జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ న్యూమన్, ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో ఎవరికి వారుగా కనుగొన్నారు.

విత్తనపు వడ్లు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఇన్ని కోట్ల కణాలూ మజ్జలో ఉండే అతి కొద్ది మూలకణాల సంతతి. ఈ మూలకణానికి రెండు బాధ్యతలు ఉన్నాయి. ఒకటి, ఎర్ర కణం, తెల్ల కణం, ప్లేట్‌లెట్ ఏది కావాలంటే అది కాగల సంతతిని ఇవ్వడం. రెండోది, తనలాంటి మూలకణాన్ని మిగుల్చుకోవడం. పొలం ఉన్నవారికి చెప్పనక్కరలేదు, ఎంత కరువొచ్చినా విత్తనపు వడ్లు వండుకోకూడదు. పెన్షనర్లకు చెప్పాలంటే, వడ్డీతో బతకాలి గాని అసలు ముట్టుకోకూడదు. మూలకణాలన్నీ ఒకేసారి ఎర్ర కణాలుగా మారితే ఆ నాలుగు నెలలూ రక్తం పుష్కలంగా ఉంటుంది, ఆ తర్వాత మనిషి ఉండడు. అవి అసలు కదలకుండా కూర్చున్నా మనిషి ఉండడు. ఈ రెంటి మధ్య తూకం నిలపడమే మనం చెప్పుకుంటున్న నియంత్రణ.

ఈ మూలకణం ఉన్నట్టు రుజువు చేసింది కెనడాలోని టొరంటో నగరంలో ఇద్దరు. ఒకరు జేమ్స్ టిల్, భౌతికశాస్త్రవేత్త. మరొకరు ఎర్నెస్ట్ మెక్‌కల్లాక్, వైద్యుడు. 1945లో హిరోషిమా, నాగసాకి మీద బాంబులు పడ్డాక, బాంబు దెబ్బకు చనిపోని వారు కూడా తర్వాతి వారాల్లో రక్తస్రావాలతో, జ్వరాలతో చనిపోయారు. రేడియేషన్‌కు మజ్జ మాడిపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. అప్పటినుంచి మజ్జ మీద పరిశోధనలు జోరందుకున్నాయి. టిల్, మెక్‌కల్లాక్ ఎలుకల మజ్జను రేడియేషన్‌తో నాశనం చేసి, ఆరోగ్యవంతమైన ఎలుక మజ్జ కణాలను ఎక్కించారు. పది రోజుల తర్వాత కోసి చూస్తే ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. లెక్కపెడితే, ఎక్కించిన ప్రతి 10 వేల కణాలకు సుమారు ఒక బుడిపె తేలింది. 1961లో ఈ సంగతి ప్రచురించారు. ఒక్కో బుడిపె ఒకే ఒక్క కణం నుంచి పుట్టిందని 1963లో క్రోమోజోముల గుర్తుల ఆధారంగా నిరూపించారు. ఒకే కణం నుంచి పలు రకాల రక్తకణాలు వస్తాయని తేలింది అప్పుడే.

విత్తనం మంచిదైతే చాలునా?

వ్యవసాయ శాఖలో పనిచేసిన మిత్రులు ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. విత్తనం మంచిదే, మరి పొలమో? ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవి రెండు రకాల ఎలుకలు. వీటిని డబ్ల్యూ ఎలుకలనీ, స్టీల్ ఎలుకలనీ అంటారు. రెండింటికీ పుట్టుకతోనే రక్తహీనత. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. డబ్ల్యూ ఎలుకకు మంచి ఎలుక మజ్జ ఎక్కిస్తే రక్తహీనత నయమైపోయింది. స్టీల్ ఎలుకకు అదే మజ్జ ఎక్కిస్తే నయం కాలేదు. విచిత్రం ఏమిటంటే, స్టీల్ ఎలుక మజ్జను తీసి డబ్ల్యూ ఎలుకకు ఎక్కిస్తే అది బాగుపడింది! అంటే డబ్ల్యూ ఎలుకకు విత్తనం చెడింది, స్టీల్ ఎలుకకు పొలం చెడింది. తర్వాత 1988, 1990 సంవత్సరాల మధ్య వీటి జన్యువులు దొరికాయి. పొలం విడుదల చేసే ఒక ప్రోటీనును మూలకణ కారకం అంటారు. దాన్ని అందుకునే తాళం లాంటిది మూలకణం పైన ఉంటుంది, దాని పేరు కిట్. స్టీల్ ఎలుకకు తాళంచెవి లేదు, డబ్ల్యూ ఎలుకకు తాళం లేదు.

ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో 1977లో డెక్స్‌టర్ అనే శాస్త్రవేత్త, మూలకణాలను గాజు పాత్రలో నెలల తరబడి బతికించాలంటే వాటి కింద మజ్జలోని ఇతర కణాల పరుపు ఉండాలని చూపించాడు. అదే నగరంలో రే స్కోఫీల్డ్ 1978లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. మూలకణం మూలకణంగా నిలవాలంటే అది ఒక ప్రత్యేకమైన చోట ఉండాలి, ఆ చోటు విడిచిన కణం క్రమంగా మామూలు రక్తకణం అవుతుంది అన్నాడు. ఆ చోటుకు ఆయన పెట్టిన పేరుకు తెలుగులో సరైన మాట గూడు. మన పాత ఇళ్ల గోడల్లో దీపం పెట్టే గూడు ఉండేది గదా, అలాంటిదన్నమాట. గూట్లో ఉన్నంతసేపు దీపం గాలికి ఆరదు.

గూట్లో కాపలా ఎవరిది?

స్కోఫీల్డ్ చెప్పిన గూడు ఎక్కడుందో వెతకడానికి పాతికేళ్లు పట్టింది. 2003లో రెండు పరిశోధక బృందాలు, ఎముకను నిర్మించే ఆస్టియోబ్లాస్ట్ కణాలు పెరిగితే మూలకణాలు కూడా పెరుగుతాయని చూపించాయి. దాంతో గూడు ఎముక గోడను ఆనుకుని ఉందనుకున్నారు. 2005లో అమెరికాలో షాన్ మోరిసన్ బృందం మూలకణాలను గుర్తించే మంచి పద్ధతి కనిపెట్టి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం మజ్జలోని సన్నని రక్తనాళాల పక్కన కనిపించాయి. మరుసటి ఏడు జపాన్‌లో నాగసావా బృందం ఆ నాళాలను చుట్టుకుని ఉన్న, చేతులు చాచినట్లుండే కణాలను వర్ణించింది. మూలకణ కారకాన్ని ముఖ్యంగా అందించేది ఆ రక్తనాళాల గోడ కణాలూ, వాటిని చుట్టుకున్న కణాలేనని 2012లో తేలింది.

ఇప్పటివరకు తెలిసినదాన్ని మన ఆఫీసు భాషలో చెబుతాను. నాళాల చుట్టూ ఉన్న కణాలు రెండు పనులు చేస్తాయి. మూలకణ కారకం ఇచ్చి బతికిస్తాయి. సి.ఎక్స్.సి.ఎల్.12 అనే మరో పదార్థం ఇచ్చి కుర్చీలోంచి లేవకుండా పట్టి ఉంచుతాయి. హెడ్డాఫీసు నుంచి కూడా ఆదేశాలు వస్తుంటాయి. కాలేయం తయారుచేసే థ్రాంబోపొయెటిన్ అనే హార్మోను ప్లేట్‌లెట్లను పెంచడమే గాక, దూరాన ఉన్న మజ్జలోని మూలకణాలను కూడా కాపాడుతుంది. నాడీమండలానికీ ఇందులో అధికారం ఉంది. మజ్జలోకి వెళ్లే సింపథెటిక్ నాడుల సంకేతాల వల్ల కొన్ని మూలకణాలు రోజులో ఒక వేళకు ఎక్కువగా, మరో వేళకు తక్కువగా రక్తంలోకి వస్తుంటాయని 2008లో ఎలుకల్లో కనుగొన్నారు. మూలకణాలు ఆఫీసు వేళలు పాటిస్తాయని వింటే నాకైతే ముచ్చటేసింది.

మరో సంగతి, గూట్లో ఆక్సిజన్ తక్కువ. అక్కడ మూలకణాల్లో చాలాభాగం నిద్రావస్థలో ఉంటాయి. ఎలుకల్లో గాఢంగా నిద్రించే మూలకణం సుమారు 145 రోజులకు ఒకసారి, అంటే జీవితం మొత్తం మీద అయిదుసార్లే విభజన చెందుతుందని 2008లో లెక్కకట్టారు. ఇది సోమరితనం కాదు. కణం విభజన చెందిన ప్రతిసారీ జన్యువులను తిరగరాయాలి. తిరగరాసినప్పుడల్లా తప్పులు దొర్లే అవకాశం ఉంది. ఫైలు ఎన్నిసార్లు నకలు తీస్తే అన్ని అచ్చుతప్పులు. అందుకే అసలు ఫైలు బీరువాలో ఉంచి, రోజువారీ పని కింది కణాలతో చేయిస్తుంది శరీరం.

ఆ కింది కణాలకు అవసరాన్ని బట్టి ఆర్డర్లు అందుతాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపొయెటిన్ విడుదల చేస్తాయి. ఇది మూలకణాన్ని కదపదు. ఎన్నో మెట్లు దిగివచ్చిన ఎర్రకణపు సంతతిని పెంచుతుంది. దీన్ని శుద్ధి చేసిన కథ వినదగ్గది. మజ్జ పనిచేయని రోగుల్లో ఈ హార్మోను మూత్రంలో ఎక్కువగా పోతుంది. జపాన్‌లో అలాంటి రోగుల నుంచి సేకరించిన 2,550 లీటర్ల మూత్రం నుంచి మియాకే, గోల్డ్‌వాసర్ 1977లో కొద్ది మిల్లీగ్రాముల శుద్ధమైన ఎరిత్రోపొయెటిన్ తీశారు. ఆ పుణ్యమే నేడు డయాలిసిస్ రోగులకు ఇస్తున్న ఇంజెక్షన్. అలాగే అంటువ్యాధి వచ్చినప్పుడు జి-సి.ఎస్.ఎఫ్. అనే పదార్థం తెల్ల కణాలను పెంచుతుంది. మోతాదు ఎక్కువైతే గూట్లోని పట్టు సడలి మూలకణాలు రక్తంలోకి వచ్చేస్తాయి. ఈ గుణం మనకు ఎలా ఉపయోగపడిందో కాసేపట్లో చెబుతాను.

ఆర్డర్లు ఎన్ని ఉన్నా ముడిసరుకు లేకపోతే కార్ఖానా నడవదు. ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం కావాలి. ఫోలిక్ ఆమ్లం అనగానే తెలుగువారిగా మనం ఒక పేరు తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. స్ప్రూ అనే వ్యాధి ఆయన అన్నదమ్ములను బలిగొన్నది. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది. దానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడా ఆ బృందమే తయారుచేసింది. దానితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు తొలిసారి తాత్కాలిక ఉపశమనం కలిగించారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే సంవత్సరం సుబ్బారావు గారు కన్నుమూశారు. మజ్జకు అన్నం పెట్టే మందూ, మజ్జలోని దొంగపంటను మాడ్చే మందూ ఒకే మనిషి పర్యవేక్షణలో తయారయ్యాయి.

మన వయసులో మజ్జ

ఇక మన సంగతి. వయసు పెరిగే కొద్దీ మజ్జలో కణాలు తగ్గి కొవ్వు పెరుగుతుంది. మైక్రోస్కోపు కింద చూసేటప్పుడు మేము ఒక మోటు లెక్క వాడేవాళ్లం. నూరులోంచి వయసు తీసేస్తే మజ్జలో కణాలుండే శాతం వస్తుంది. 70 ఏళ్ల వారికి 30 శాతం. ఇది జబ్బు కాదు, సహజం.

2022లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు పసికందుల మొదలు 81 ఏళ్ల వారి దాకా పదిమంది మూలకణాల జన్యువులను ఒక్కొక్క కణం చొప్పున చదివారు. 65 ఏళ్ల లోపు వారి రక్తం 20 వేల నుంచి 2 లక్షల మూలకణాల ఉమ్మడి కృషి. 75 దాటిన వారిలో రక్తంలో 30 నుంచి 60 శాతం వరకు ఏ పన్నెండో, పద్దెనిమిదో మూలకణాల వంశాల నుంచే వస్తోంది. పెద్ద ఊళ్లో వేలాది కుటుంబాలు పోయి పది పదిహేను ఇంటిపేర్లే మిగిలినట్లు. కొన్ని మూలకణాల్లో వచ్చిన జన్యుమార్పులు వాటికి పక్కవాటి కంటే వేగంగా పెరిగే బలం ఇవ్వడమే కారణం. 70 దాటిన ప్రతి పదిమందిలో ఒకరికి పైగా ఇలాంటి పెరుగుదల గుర్తించదగినంత ఉంటుందని 2014లోనే తేలింది. భయపడకండి. వీరిలో రక్త క్యాన్సరుకు దారితీసేది ఏటా నూటికి ఒకరు లేదా అంతకంటే తక్కువ. అయితే వీరికి గుండెజబ్బుల ముప్పు కూడా ఎక్కువని తెలిసింది. ఈ మార్పులకు నేడు ప్రత్యేకమైన మాత్ర లేదు. సిగరెట్టు మానడం, బి.పి., షుగరు, కొలెస్టరాల్ అదుపులో పెట్టుకోవడం మన చేతిలో ఉన్న పని. చూశారా, కార్యదర్శి గారు వద్దన్న బి.పి., షుగరు మళ్లీ వచ్చాయి!

మూడు మనవులు

ఇంతవరకు చెప్పిందంతా ఈ మూడు మాటల కోసమే.

మొదటిది. "వయసు మీద పడింది, రక్తం తగ్గడం మామూలే" అనకండి. పురుషులకు హిమోగ్లోబిన్ 13, స్త్రీలకు 12 గ్రాములకు తగ్గితే అది రక్తహీనత. ఈ గీత ప్రపంచ ఆరోగ్య సంస్థది. మనకు వృద్ధాప్యం పేరిట రాయితీ లేదు. పెద్దవయసులో రక్తహీనతకు మూడింట ఒక వంతు ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం లోపాలే కారణమని అమెరికాలో జరిగిన పెద్ద సర్వేలో తేలింది. ఇంకో వంతు మూత్రపిండాల జబ్బు, దీర్ఘకాలిక వ్యాధులు. వీటికి చికిత్స ఉంది. ఈ వయసులో ఇనుము తగ్గిందంటే కడుపులోనో పేగులోనో రక్తం పోతున్నదేమో చూడాలి. మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి మింగే మాత్రలు పుండు చేయవచ్చు, పెద్దపేగు క్యాన్సరు కూడా ఇలాగే మొదటిసారి బయటపడవచ్చు. కారణం వెతక్కుండా ఐరన్ టానిక్కు తాగి ఊరుకోవడం ప్రమాదం. శాకాహారులు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు, గ్యాసు మాత్రలు రోజూ వేసుకునేవారు బి12 చూపించుకోండి. బి12 లోపం ఉన్నవారు ఒక్క ఫోలిక్ ఆమ్లమే వాడితే రక్తం పెరిగినట్లు కనిపిస్తుంది గాని లోలోపల నరాలు దెబ్బతింటాయి.

డాక్టరు మజ్జ పరీక్ష అంటే హడలిపోకండి. చాలామంది దీన్ని వెన్నులోంచి నీరు తీయడం అనుకుంటారు. వెన్నుపాముకూ దీనికీ సంబంధం లేదు. నడుం వెనుక కటి ఎముక మీద మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సూదితో కొద్దిగా మజ్జ తీస్తారు. పీల్చే క్షణంలో చురుక్కుమంటుంది. నడుం పడిపోవడం అన్నది వట్టి మాట.

రెండోది మన గ్రాట్యుటీ డబ్బుకు సంబంధించింది. మూలకణాల పేరు చెప్పి మోకాళ్లు కొత్తవి చేస్తామనీ, పక్షవాతం, మధుమేహం నయం చేస్తామనీ ప్రకటనలు వస్తున్నాయి. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి మాత్రమే ఆమోదించిన చికిత్స. తక్కినవి పరిశోధనలో భాగంగానే జరగాలి. పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. లక్షలు అడుగుతున్నారంటేనే అనుమానించాలి. గూట్లో తప్ప నిలవని కణం, ఏ గూడూ లేని మోకాలి కీలులో పొడిస్తే రక్తాన్ని కాపాడినట్లు కీలును కాపాడుతుందని ఎలా నమ్మగలం?

మనవడో మనవరాలో పుట్టబోతున్నారంటే బొడ్డుతాడు రక్తం దాచమని ఏజెంట్లు వస్తారు. ఎక్కువసార్లు ఆ డబ్బు కట్టేది తాతగారే. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలు ఉన్న మాట నిజం. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లూక్‌మన్ అనే వైద్యురాలు, ఫాంకోని రక్తహీనత ఉన్న ఒక పిల్లవాడికి అతని చెల్లెలి బొడ్డుతాడు రక్తంతో చికిత్స చేశారు కూడా. కాని బిడ్డ రక్తం ఆ బిడ్డకే ఎప్పుడో పనికివస్తుందని దాచడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని మన వైద్య పరిశోధనా మండలి స్పష్టంగా చెప్పింది. జన్యుదోషం వల్ల వచ్చే జబ్బైతే ఆ దోషం దాచిన రక్తంలోనూ ఉంటుంది గదా. ఇంట్లో మరో బిడ్డకు తలసీమియా వంటి జబ్బు ఉంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు డాక్టరును అడిగి నిర్ణయించుకోండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మజ్జ మార్పిడికి ఆద్యుడు అమెరికా వైద్యుడు డొనాల్ థామస్. 1957లో మొదటి ప్రయత్నాలు ప్రచురించి, ఎన్నో వైఫల్యాలు తట్టుకుని, 1990లో నోబెల్ బహుమతి పొందారు. మన దేశంలో 1983లో ముంబయి టాటా ఆసుపత్రిలో, 1986లో వెల్లూరు సి.ఎం.సి.లో ఈ చికిత్స మొదలైంది. ఎక్కించిన మూలకణాలు రక్తనాళంలోకే వెళతాయి. అక్కడినుంచి ఇందాక చెప్పిన గూటి సంకేతాలు పట్టుకుని అవే ఎముకల్లోకి చేరుకుంటాయి. ఎవరూ దారి చూపనక్కరలేదు. కావలసింది దాత ఒక్కరే. తోడబుట్టిన వారితో పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి.

నా సర్వీసులో ఒక కుర్రవాడి మజ్జ పరీక్ష చేశాను. ఇరవై రెండేళ్లు. స్లైడు నిండా కొవ్వే. కణాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎప్లాస్టిక్ ఎనీమియా. అదృష్టం కొద్దీ అక్కగారి మూలకణాలు సరిపోయాయి. మంచి దాత దొరికిందని అందరం సంతోషించాం. ఆ అమ్మాయి "నేను సిద్ధమండీ" అని మా విభాగానికి వచ్చి మరీ చెప్పింది. ఇంట్లో పెద్దలు ఒప్పుకోలేదు. పెళ్లి కావలసిన పిల్ల, ఎముకలో సూదులు గుచ్చితే రేపు పిల్లలు పుడతారో లేదో అన్నారు. డాక్టర్లు నచ్చజెప్పారు, నేనూ నచ్చజెప్పాను. ఊళ్లో ఇంకొకరిని అడగాలన్నారు, జాతకం చూపించాలన్నారు. ఇలా అయిదు వారాలు గడిచాయి. తెల్ల కణాలు లేని ఒంట్లోకి న్యుమోనియా ప్రవేశించింది. ఆ తర్వాత ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

ఆ ఇంటి పెద్దలు చెడ్డవారు కారు. మనలాంటి వారే. మనవళ్లను ప్రేమించే వారే. భయం ఒక్కటే వారిని ఆపింది. అందుకే ఈ మాట యువకుల సభలో కాకుండా మీ ముందు చెబుతున్నాను. ఇంట్లో కాదనే అధికారం మనది.

నేడు మూలకణ దానం చాలావరకు చేతి రక్తనాళం నుంచే జరుగుతుంది. నాలుగైదు రోజులు జి-సి.ఎస్.ఎఫ్. ఇంజెక్షన్లు ఇస్తారు. గూట్లో పట్టు సడలి మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ప్లేట్‌లెట్లు ఇచ్చినట్లే యంత్రం పక్కన నాలుగైదు గంటలు కూర్చుంటే అవసరమైన కణాలను వడగట్టి తక్కిన రక్తం తిరిగి పంపిస్తారు. ఆ నాలుగు రోజులూ ఒళ్లునొప్పులు, ఎముకల నొప్పులు ఉంటాయి, తగ్గిపోతాయి. ఇచ్చిన కణాలను మజ్జ కొద్ది వారాల్లో భర్తీ చేసుకుంటుంది. పెళ్లికీ, సంతానానికీ దీనివల్ల అడ్డంకి లేదు.

ఇంట్లో దాత లేనివారి కోసం రిజిస్ట్రీలు ఉన్నాయి. మన దేశంలో 2009లో చెన్నైలో మొదలైన దాత్రి అలాంటిది. 18 నిండిన ఆరోగ్యవంతులైన యువతీ యువకులు బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా ఇచ్చి పేరు నమోదు చేసుకోవచ్చు. జన్యుపరమైన ఈ సరిపోలిక ఒకే ప్రాంతం, ఒకే మూలాలు ఉన్నవారి మధ్య దొరికే అవకాశం ఎక్కువ. తెలుగు బిడ్డకు దాత తెలుగు నేల మీదో, అమెరికాలో స్థిరపడిన మన పిల్లల్లోనో దొరకవచ్చు. ఆదివారం వారితో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా ఒక ముక్క చెప్పండి. అయితే ఒక్క హెచ్చరిక. పేరు నమోదు చేసి, తీరా పిలుపు వచ్చాక వెనక్కి తగ్గడం మహాపాపం. మార్పిడి కోసం రోగి మజ్జను ముందే మందులతో పూర్తిగా ఖాళీ చేస్తారు. ఆ దశలో దాత మనసు మార్చుకుంటే రోగికి వెనుక మజ్జ లేదు, ముందు దాత లేడు. కనుక బాగా ఆలోచించి, ఇంట్లో అందరూ మాట్లాడుకుని, ఆ తర్వాతే నమోదు చేయించండి.

మన వయసు వారు రిజిస్ట్రీలో దాతలుగా పేరు నమోదు చేయించుకోలేరు, ఆ గడువు దాటిపోయింది. ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు సరేనని చెప్పగలం. అది మన వంతు.

కార్యదర్శి గారి అనుమతితో ఒక చిన్న ఏర్పాటు చేశాం. ప్రతి నెలా రెండో శనివారం ఉదయం పది గంటలకు సంఘం కార్యాలయంలో కూర్చుంటాను. ఆరు నెలల లోపు చేయించుకున్న సి.బి.పి. రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ వెంట తెచ్చుకోండి. మందులు రాయను, అది మీ డాక్టరు గారి పని. రిపోర్టులో ఏముందో, డాక్టరును ఏం అడగాలో తెలుగులో చెబుతాను. మీతోపాటు మీ శ్రీమతిని కూడా తీసుకురండి. మన ఇళ్లలో అందరికంటే ముందు రక్తం తగ్గేది ఆమెకే, అందరికంటే చివర పరీక్ష చేయించుకునేదీ ఆమే.